నరసాపురం లేసు అల్లిక

నరసాపురం లేసు అల్లిక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పట్టణంలోనూ, దాని చుట్టుపక్కల గ్రామాలలోనూ స్త్రీలు చేసే ఒక హస్తకళ. చివర కొక్కెం గల చిన్న సూదితో నూలు దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా అల్లి పూలు, ఆకులు, చక్రాలు, జాలీలు తయారుచేయడం ఇందులోని ప్రధానాంశం. ఈ అల్లికను ఐరోపా భాషలలో క్రోషే అంటారు. ఫ్రెంచి భాషలో ఈ మాటకు చిన్న కొక్కెం అని అర్థం. తెలుగునాట దీనిని సాధారణంగా "లేసు అల్లడం" అనీ, "లేసు పని" అనీ వ్యవహరిస్తారు. ఇక్కడ తయారైన లేసు ఉత్పత్తులు శతాబ్దానికి పైగా విదేశాలకు ఎగుమతి అవుతున్నాయి. 2024లో ఈ కళకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఇంటిపట్టున చేసే స్త్రీల పనికి ఆర్థిక విలువ ఎంత అన్న ప్రశ్నపై ప్రపంచవ్యాప్తంగా జరిగిన చర్చలో నరసాపురం పేరు తరచుగా వినిపించడం దీని మరొక ప్రత్యేకత.

ప్రాంతం

నరసాపురం గోదావరి నది శాఖ అయిన వశిష్ఠ ఒడ్డున, సముద్రానికి సమీపంలో ఉన్నది. లేసు పని ఈ పట్టణానికే పరిమితం కాదు. పాలకొల్లు, మొగల్తూరు, ఆచంట, పెనుగొండ మొదలైన ప్రాంతాలలోను, నదికి ఆవలి ఒడ్డున కోనసీమలోను విస్తరించి ఉన్నది. 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నరసాపురం భీమవరం కేంద్రంగా గల పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండగా, ఆవలి ఒడ్డు కోనసీమ జిల్లాలో చేరినది.

ఈ తీరానికి నూలు వస్త్రాల వ్యాపారం కొత్తది కాదు. 17వ శతాబ్దం నాటికే నరసాపురం సమీపంలోని మాధవాయిపాలెంలో ఇంగ్లీషు వర్తకులు స్థావరం ఏర్పరచుకొన్నారు. అక్కడి నుండి ఎగుమతి అయిన మెత్తని నూలు గుడ్డకు ఆ ఊరి పేరే స్థిరపడి, "మడపొల్లం" అన్న పేరుతో ఐరోపాలో ప్రసిద్ధి చెందినది. పాలకొల్లులో డచ్చివారికి వర్తక స్థావరం ఉండేది. 1824లో ఇంగ్లీషువారికి, డచ్చివారికి మధ్య జరిగిన ఒప్పందాన్ని అనుసరించి కోరమాండల్ తీరంలోని డచ్చి స్థావరాలు 1825లో ఇంగ్లీషువారి వశమైనాయి. కావున లేసు రాకకు ముందే ఈ ప్రాంతపు నూలు పనితనం సముద్రాలు దాటి వెళ్ళినదని గ్రహించవచ్చును. అయితే ఆ వస్త్రాలు మగ్గం మీద నేసినవి; లేసు మగ్గం లేకుండా చేతి వేళ్ళ మధ్య పుట్టేది.

చరిత్ర

ఐరోపాలో నేపథ్యం

లేసులలో పలు రకాలు ఉన్నాయి. దిండు మీద గుండు సూదులు గుచ్చి, చిన్న కండెలకు చుట్టిన దారాలను పెనవేసి చేసేది ఒక రకం. కుట్టు సూదితో చేసేది మరొకటి. ఈ రెండింటికీ చాలా కాలం, ఓపిక అవసరం. 19వ శతాబ్దం మొదటి భాగంలో క్రోషే లేసు ఐరోపాలో వ్యాప్తిలోకి వచ్చినది. ఒక సూది, ఒక దారపు ఉండ ఉంటే చాలు కనుక ఇది పేదల ఇండ్లలోకి సులభంగా ప్రవేశించగలిగినది. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులుతో నాశనమై ఘోరమైన కరువు వచ్చినప్పుడు, అక్కడి కన్యాశ్రమాలు, దాతలు పేద స్త్రీలకు క్రోషే నేర్పి, దాని అమ్మకం ద్వారా కొంత జీవనాధారం కల్పించినారు. క్రైస్తవ మిషనరీలు అల్లికలను ఇతర దేశాలకు తీసుకొనిపోవడం వెనుక ఇటువంటి ఆలోచనే ఉన్నది.

దక్షిణ భారతదేశంలో మిషనరీల పాత్ర

దక్షిణ భారతదేశంలో లేసు పని మొదట తిరువాన్కూరు సంస్థానంలోని నాగర్‌కోయిల్ ప్రాంతంలో 19వ శతాబ్దం తొలి పాదంలో మొదలైనది. లండన్ మిషన్‌కు చెందిన మార్తా మాల్ట్ అక్కడి బాలికల పాఠశాలలో దీనిని నేర్పినది. గోదావరి ఎగువ ప్రాంతంలోని దుమ్ముగూడెంలో కూడా చర్చి మిషనరీ సంఘంవారి ఆధ్వర్యంలో లేసు పని సాగినది. దుమ్ముగూడెం ఇప్పుడు తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది.

నరసాపురం ప్రాంతానికి 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు కుటుంబాలతో వచ్చి గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేసినారు. ఆ కాలానికి డెల్టా ఇంకా సస్యశ్యామలం కాలేదు. 1832-33 నాటి కరువు కోస్తా జిల్లాలను పీడించి కొద్ది సంవత్సరాలే అయినది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయినది. ఈ సంధికాలంలో, 1844 ప్రాంతంలో, స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు స్థానిక స్త్రీలకు లేసు అల్లిక నేర్పినారని ప్రసిద్ధమైన కథనం. మొదట నేర్చుకొన్నవారు క్రైస్తవ మతం స్వీకరించిన పేద కుటుంబాల స్త్రీలు. లేసును మిషనరీలు తమ దేశాలలోని పరిచయస్తులకు పంపి, వచ్చిన సొమ్మును అల్లినవారికి ఇచ్చేవారు.

ఎగుమతి వ్యాపారం

20వ శతాబ్దం ఆరంభానికి గోదావరి ప్రాంతంలో 2,000 మందికి పైగా స్త్రీలు ఈ పనిలో ఉన్నారు. క్రమంగా స్థానిక వర్తకులు రంగంలోకి వచ్చినారు. దారం కొని గ్రామాలకు పంపడం, తయారైన లేసును సేకరించి విదేశాలకు ఎగుమతి చేయడం ఒక వ్యాపారంగా స్థిరపడినది. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థిక మాంద్యంలో ఈ పరిశ్రమ దెబ్బతిన్నా అంతరించలేదు. స్వాతంత్ర్యానంతరం, ముఖ్యంగా 1970 దశకంలో, విదేశీ గిరాకీ పెరిగి ఎగుమతిదారుల సంఖ్య, అల్లేవారి సంఖ్య కూడా బాగా పెరిగినాయి. బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్ మొదలైన దేశాలు ముఖ్యమైన కొనుగోలుదారులు.

ఈ విస్తరణతో పాటు అల్లేవారి సామాజిక స్వరూపం కూడా మారినది. పేద క్రైస్తవ స్త్రీలతో మొదలైన పని వ్యవసాయ కుటుంబాల స్త్రీలకు, ముఖ్యంగా కాపు స్త్రీలకు, చేరినది. పొలం పనికి, కూలికి వెళ్ళడం గౌరవభంగంగా భావించే కుటుంబాలలో గడప దాటకుండా చేయగల పనిగా లేసుకు ఆదరణ లభించినది. ఇంటి పరువు నిలుపుకొంటూ నాలుగు రూకలు సంపాదించుకొనే మార్గంగా తల్లి నుండి కూతురికి, అత్త నుండి కోడలికి ఈ విద్య సంక్రమించినది.

పనిముట్లు, ముడిసరుకు

లేసు అల్లడానికి కావలసినవి రెండే: సూది, దారం. సూది ఉక్కుతో చేసినది. చివర చిన్న కొక్కెం ఉంటుంది. దారం ఎంత సన్ననిదైతే సూది అంత సన్ననిది కావలెను. దారానికి నంబర్లు ఉంటాయి. నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. ఉదాహరణకు 20వ నంబరు దారం కంటె 40వ నంబరు దారం సన్నన.

ఎగుమతి లేసుకు సాధారణంగా మెర్సరైజు చేసిన నూలు దారం వాడుతారు. నూలును గాఢమైన క్షార ద్రావణంలో ముంచే ఈ పద్ధతిని 1844లో జాన్ మెర్సర్ అను ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. తరువాతి కాలంలో దారాన్ని బిగుతుగా లాగి ఉంచి ఈ ప్రక్రియ జరపడం వల్ల దానికి పట్టు వంటి మెరుపు కూడా వస్తుందని తెలిసినది. ఇటువంటి దారం బలంగా ఉండి, రంగును చక్కగా పీల్చుకొంటుంది.

తయారీ విధానం

క్రోషే అల్లికలో ఏ క్షణంలోనైనా సూది మీద సాధారణంగా ఒకే ఒక ఉచ్చు సజీవంగా ఉంటుంది. ఆ ఉచ్చులోనుండి దారాన్ని కొక్కెంతో లాగి మరొక ఉచ్చు చేస్తారు. ఉన్ని స్వెట్టర్లు అల్లే పద్ధతిలో రెండు పొడుగాటి సూదులు ఉండి, ఒక వరుసలోని ఉచ్చులన్నీ సూది మీదనే నిలిచి ఉంటాయి. ఈ రెండు అల్లికలకు గల ముఖ్యమైన తేడా ఇదే.

ప్రాథమికమైన కుట్లు కొద్దివే:

- చైను: ఉచ్చులోనుండి ఉచ్చు లాగుతూ పోగా ఏర్పడే గొలుసు. ప్రతి నమూనాకు ఇదే ఆరంభం.
- జారుడు కుట్టు: గొలుసు రెండు కొసలను కలిపి వలయంగా చేయడానికి, ఒకచోటి నుండి మరొకచోటికి దారాన్ని తీసుకొనిపోవడానికి ఉపయోగపడేది.
- పొట్టి కుట్టు: కింది వరుసలో సూదిని గుచ్చి దారం లాగి, రెండు ఉచ్చులను ఒకటిగా చేసేది. దీనితో చేసిన భాగం దట్టంగా ఉంటుంది.
- పొడుగు కుట్టు: సూదికి ముందుగా దారం ఒకటి లేక రెండు చుట్లు చుట్టి చేసేది. ఇది నిలువు కంబం వలె కనిపిస్తుంది.

దట్టమైన భాగాలకు, ఖాళీలకు గల పొందికలోనే నమూనా అందం ఉన్నది. మధ్యలో వలయం చేసి, దాని చుట్టూ కుట్ల సంఖ్యను ఒక క్రమంలో పెంచుకొంటూ పోతే గుండ్రని చక్రం వస్తుంది. పెంచవలసినంత పెంచకపోతే అంచులు గిన్నె వలె పైకి లేస్తాయి. ఎక్కువ పెంచితే అంచులు ముడతలు పడతాయి. కావున అల్లిక లోపల ఎప్పుడూ లెక్క ఉంటుంది. అక్షరజ్ఞానం లేని స్త్రీలు కూడా పెద్ద నమూనాల లెక్కను కంఠస్థంగా తప్పులేకుండా నడపడం ఈ ప్రాంతంలో సర్వసాధారణం.

పని విభజన

పెద్ద బల్లగుడ్డ, దుప్పటి వంటి వాటిని ఒకే వ్యక్తి మొదటి నుండి చివరి వరకు అల్లడం అరుదు. పని పలువురి మధ్య పంచబడుతుంది. పువ్వులు, చక్రాలు వంటి విడి భాగాలను అల్లడాన్ని చేతిపని అనీ, వాటినన్నిటినీ కలిపి ఒక వస్తువుగా చేయడాన్ని అతుకుపని అనీ అంటారు. అతుకుపనికి అదనపు నేర్పు కావలెను. విడి భాగాలు వేర్వేరు చేతులలో తయారగుటచే వాటి బిగువులో స్వల్పమైన తేడాలు ఉంటాయి. వాటిని కనపడకుండా సరిచేసే బాధ్యత అతికేవారిదే.

వర్తకుడు దారాన్ని, నమూనాను మధ్యవర్తి ద్వారా గ్రామానికి పంపుతాడు. మధ్యవర్తి ఇంటింటికీ పని పంచి, గడువు లోపల తిరిగి సేకరిస్తాడు. పువ్వులు అల్లినవారికి అవి ఏ దుప్పటిలో చేరినాయో, ఏ దేశానికి వెళ్ళినాయో సాధారణంగా తెలియదు. సేకరించిన సరుకును ఉతికి, గంజి పెట్టి, సాగదీసి ఇస్త్రీ చేసి, నాణ్యత పరీక్షించి ఎగుమతి చేస్తారు. కూలి రోజును బట్టి గాక, అల్లిన పనిని బట్టి చెల్లించబడుతుంది.

ఉత్పత్తులు

బల్లగుడ్డలు, పళ్ళెం కింద పరచే గుండ్రని చిన్న గుడ్డలు, దుప్పట్లు, దిండు గలీబులు, కుషను కవర్లు, తెరలు, దుస్తుల అంచులు, కాలర్లు, పసిపిల్లల టోపీలు మొదలైనవి ముఖ్యమైనవి. ఇటీవల చేతి సంచులు, దీపపు గొడుగులు, బొమ్మలు, పైదుస్తులు కూడా తయారవుతున్నాయి.

ఎగుమతితో సంబంధం లేకుండా తెలుగువారి ఇండ్లలో లేసుకు ప్రత్యేక స్థానం ఉండేది. బాలికల పాఠశాలలలో "కుట్లు, అల్లికలు" ఒక పాఠ్యాంశంగా ఉండేది. రేడియో పైన, తరువాత టెలివిజన్ పైన, కుర్చీ వీపు పైన, నీళ్ళ కూజా పైన లేసు గుడ్డ కప్పడం 20వ శతాబ్దపు మధ్యతరగతి ఇంటి అలంకారంలో భాగం. పెండ్లికూతురు తాను అల్లిన లేసులను అత్తవారింటికి తీసుకొనిపోయే ఆచారం కూడా పలు కుటుంబాలలో ఉండేది.

మరియా మీస్ అధ్యయనం

నరసాపురం లేసును ప్రపంచ విద్యావేత్తల దృష్టికి తెచ్చినది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ (1931-2023). భారతదేశంలో అధ్యాపకురాలిగా పనిచేసిన అనుభవం గల ఈమె 1970 దశకం చివర అంతర్జాతీయ కార్మిక సంస్థ కార్యక్రమంలో భాగంగా నరసాపురం ప్రాంతంలో క్షేత్ర పరిశోధన జరిపినది. ఆ పరిశోధన "నరసాపురం లేసు అల్లేవారు" అని అర్థం వచ్చే శీర్షికతో 1982లో లండను నుండి ఇంగ్లీషు పుస్తకంగా వెలువడినది. భారతీయ గృహిణులు ప్రపంచ విపణికి సరుకు ఉత్పత్తి చేస్తున్నారన్నది దాని ఉపశీర్షిక భావం.

మీస్ చెప్పిన ముఖ్యాంశాలు ఇవి:

- లేసు అల్లే స్త్రీలు వంట, నీళ్ళు, పిల్లలు, పశువుల పనితో పాటు రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు పని చేస్తున్నారు. కాని ఇంటివారు, వర్తకులు, ప్రభుత్వ గణాంకాలు కూడా దీనిని "తీరిక వేళల పని" గానే పరిగణిస్తున్నారు.
- "గృహిణి" అన్న ముద్ర వల్ల వీరు కార్మికులుగా గుర్తింపబడలేదు. కనీస వేతనం, కార్మిక సంఘం, బీమా వంటి హక్కుల ప్రసక్తే లేదు. వీరి సంపాదన వ్యవసాయ కూలి స్త్రీలకు నిర్ణయించిన కనీస వేతనం కంటె చాలా తక్కువ.
- ఒకే ఇంటిలో స్త్రీలు అల్లేవారు కాగా, పురుషులు మధ్యవర్తులుగా, వర్తకులుగా మారినారు. వ్యాపారం పెరిగే కొద్దీ లాభం వర్తకం వైపు, శ్రమ అల్లిక వైపు మిగిలినాయి.
- ఇండ్లలో విడివిడిగా కూర్చొని పనిచేయడం వల్ల తోటివారికి ఎంత కూలి ముట్టుతున్నదో కూడా తెలుసుకొనే అవకాశం తక్కువ. పొలంలో కలిసి పనిచేసే కూలి స్త్రీలకు ఉన్న బేరమాడే శక్తి వీరికి లేదు.

ఈ స్థితిని వివరించడానికి మీస్ వాడిన పదాన్ని తెలుగులో "గృహిణీకరణ" అనవచ్చును. శ్రామిక స్త్రీని గృహిణిగా నిర్వచించి, ఆమె శ్రమను చౌకగా పొందే విధానమని దీని సారాంశం. స్త్రీవాద అర్థశాస్త్రంలో ఈ భావన ఇప్పటికీ బోధింపబడుతున్నది.

ఈ అధ్యయనంలో గమనింపదగిన మరొక అంశం ఉన్నది. కూలి తక్కువైనా ఆ సొమ్ము ఇంటికి అక్కరలేనిది కాదు. బియ్యానికి, మందులకు, పిల్లల పుస్తకాలకు అదే ఆధారమైన కుటుంబాలు ఎన్నో కలవు. లేసు పనిని మెచ్చుకొనవలెనా, విమర్శింపవలెనా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పలేకపోవడానికి ఇదే కారణం.

సహకార సంఘాలు, శిక్షణ

మధ్యవర్తుల మీద ఆధారపడడం తగ్గించుటకు స్త్రీల సహకార సంఘాలు ఏర్పడినాయి. 2000 దశకంలో నరసాపురం సమీపంలోని సీతారాంపురంలో లేసు పార్కు, అంతర్జాతీయ లేసు వ్యాపార కేంద్రం ఏర్పాటైనాయి. ఇక్కడ కొత్త నమూనాలలో శిక్షణ, నాణ్యత పరీక్ష, కొనుగోలుదారులతో ప్రత్యక్ష సంబంధం కల్పించడం ఉద్దేశం. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖలోని హస్తకళల విభాగం, గ్రామీణాభివృద్ధి సంస్థలు ఇందుకు తోడ్పడినాయి. గ్రామాలలోని స్వయం సహాయక బృందాలు కూడా లేసు పనిని చేపట్టినాయి.

భౌగోళిక సూచిక

ఒక ప్రాంతపు పేరుతో ప్రసిద్ధి చెందిన వస్తువును ఇతర ప్రాంతాలవారు అదే పేరుతో అమ్మకుండా రక్షణ కల్పించేది భౌగోళిక సూచిక. ఇందుకై భారతదేశంలో 1999లో చట్టం చేయబడి, 2003లో అమలులోకి వచ్చినది. ఈ చట్టం కింద నరసాపురం క్రోషే లేసు ఉత్పత్తులు 2024లో నమోదైనాయి. నమోదు సమయంలో 19 మండలాలలో సుమారు 15,000 మంది స్త్రీలు ఈ పనిలో ఉన్నట్లు లెక్క తేలినది. ఒక నమోదు పది సంవత్సరాలు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకొనవచ్చును.

ఈ గుర్తింపు పేరుకు రక్షణ ఇస్తుంది గాని, కూలిని తనంతట తాను పెంచదు. అల్లేవారు అధీకృత వినియోగదారులుగా పేర్లు నమోదు చేయించుకొని, ఆ గుర్తుతో సరుకు అమ్ముకొనగలిగినప్పుడే దాని ప్రయోజనం ఇండ్ల వరకు చేరుతుంది.

ఎదురవుతున్న సమస్యలు

- పోటీ: చైనా నుండి వచ్చే చౌక లేసు, యంత్రాలపై తయారయ్యే లేసు ప్రపంచ విపణిలో నరసాపురం లేసుకు గట్టి పోటీ ఇచ్చినాయి. అయితే చేతితో చేసే క్రోషే కుట్టును ఉన్నదున్నట్లుగా అల్లగల యంత్రం వాడుకలోకి రాలేదు. యంత్రపు లేసు చూపునకు దానిని పోలి ఉంటుంది గాని, దగ్గరగా పరిశీలించిన దారం పోయిన తీరులో తేడా తెలుస్తుంది.
- తక్కువ ఆదాయం: అల్లికకు పట్టే కాలంతో పోల్చిన ప్రతిఫలం తక్కువ. చదువుకొన్న బాలికలు ఇతర ఉద్యోగాల వైపు మొగ్గుతున్నారు.
- ఆరోగ్యం: సన్నని దారం మీద గంటల తరబడి చూపు నిలపడం వల్ల కళ్ళకు శ్రమ, వంగి కూర్చొనడం వల్ల మెడ, నడుము నొప్పులు కలుగుతాయి.
- అభిరుచులలో మార్పు: బల్లగుడ్డలు, చిన్న గుడ్డల వాడకం విదేశాలలోను తగ్గినది. దుస్తులు, సంచుల వంటి కొత్త వస్తువులకు మారవలసిన అవసరం ఏర్పడినది.

నెల్లూరు తీరపు అల్లికలతో పోలిక

ఆంధ్ర తీరంలో దారంతో అల్లే పని లేసు ఒక్కటే కాదు. దక్షిణాన నెల్లూరు తీరంలోను, పులికాట్ సరస్సు చుట్టూ ఉన్న గ్రామాలలోను మత్స్యకారులు తరతరాలుగా వలలు అల్లుతున్నారు. నైలాను రాకపూర్వం వలలకు నూలు, జనుము దారాలు వాడేవారు. వలలో ప్రతి గడి ఒక ముడితో బిగింపబడుతుంది. కావున ఒకచోట తెగినా మిగిలిన వల విడిపోదు. క్రోషేలో ముడి లేదు, ఉచ్చు మాత్రమే ఉన్నది. చివరి కొసను కట్టివేయకపోతే అల్లిక అంతా విడిపోగలదు. ఒకటి చేపను పట్టడానికి, మరొకటి కంటిని ఆకట్టుకొనడానికి తయారైనవైనా, ఖాళీని దారంతో చట్రం కట్టడమన్న సూత్రం రెండింటికీ సమానమే.

పులికాట్‌కు కూడా డచ్చివారితో సంబంధం ఉన్నది. 1613లో వారు అక్కడ గెల్‌డ్రియా కోటను నిర్మించి, దానిని కోరమాండల్ తీరంలో తమ ముఖ్య కేంద్రంగా చేసుకొన్నారు. పులికాట్ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉన్నది. సరస్సులో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. అక్కడి నుండి ఎగుమతి అయిన గళ్ళ నూలు గుడ్డ "పాలయకాట్" పేరుతో ప్రసిద్ధి చెందినది. పూర్వపు నెల్లూరు జిల్లాకు చెందిన వెంకటగిరి చీరలకు కూడా నరసాపురం లేసు వలెనే భౌగోళిక సూచిక ఉన్నది.

వీధులకెక్కిన అల్లిక

21వ శతాబ్దంలో క్రోషే, ఉన్ని అల్లికలు ఇండ్ల నుండి వీధులలోకి వచ్చినాయి. దీపస్తంభాలు, బల్లలు, వంతెనల కటకటాలు, సైకిళ్ళు నిలిపే కమ్మీలు, చెట్ల మానులు మొదలైన వాటికి రంగురంగుల అల్లికలు తొడిగే ఈ వీధి కళను "యార్న్ బాంబింగ్" అంటారు. 2005లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో మగ్దా సాయెగ్ తన దుకాణం తలుపు పిడికి అల్లిక తొడగడం దీనికి నాందిగా చెబుతారు. డచ్చి భాషలో దీనికి "వైల్డ్‌బ్రైయెన్" అని పేరు. విచ్చలవిడి అల్లిక అని అర్థం చెప్పుకొనవచ్చును. 2011 జూన్ 11న మొదటిసారి అంతర్జాతీయ యార్న్ బాంబింగ్ దినం జరిపినారు.

స్తంభాన్ని కొలిచి, ఆ కొలతకు పొడుగాటి పట్టీ అల్లి, స్తంభం చుట్టూ చుట్టి అంచులను కుట్టివేయడం ఇందులోని పద్ధతి. ఎండకు వానకు తట్టుకొనుటకు సాధారణంగా కృత్రిమ దారం వాడుతారు. గోడల మీది రంగు రాతల వలె ఇది చెరగని మచ్చ వేయదు, కత్తిరించి తీసివేయవచ్చును. అందుచేత పలు పట్టణాలలో దీనిని చూచీచూడనట్లు వదలివేస్తారు. అయితే తడిసి మాసిన అల్లికను తొలగించకపోతే చెత్తగా మారుతుందనీ, చెట్ల మానులకు మంచిది కాదనీ విమర్శ ఉన్నది.

కొన్నిచోట్ల ఇది నిరసన రూపం కూడా దాల్చినది. 2006లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో మరియాన్ యోర్గెన్‌సెన్ అను కళాకారిణి ఇరాక్ యుద్ధానికి నిరసనగా ఒక యుద్ధపు ట్యాంకును గులాబీరంగు అల్లిక ముక్కలతో కప్పినది. వేలాది ముక్కలను పలు దేశాల స్వచ్ఛంద కార్యకర్తలు అల్లి పంపగా వాటిని అతికి ఈ కప్పు తయారుచేసినారు. భారతదేశంలో ఇటువంటి సామూహిక అల్లికకు ఉదాహరణ 2016 జనవరి 31న చెన్నైలో జరిగినది. "మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్" అను స్త్రీల బృందం 11,148.5 చదరపు మీటర్ల క్రోషే దుప్పటిని ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించినది.

నరసాపురం పనితో పోల్చినప్పుడు ఇక్కడ ఒక వ్యత్యాసం స్పష్టమవుతుంది. సూది ఒకటే, కుట్టు ఒకటే, విడి ముక్కలను పలు చేతులు అల్లగా ఒకచోట అతికే పద్ధతి కూడా ఒకటే. వీధి అల్లికలో అల్లేవారు తీరికగా, తమ ఇష్టానికి అల్లుతారు. తయారైనది అందరి కంటా పడుతుంది. నరసాపురంలో అల్లేది జీవనోపాధికి. తయారైనది దూరదేశంలోని ఇంటి బల్ల మీదికి చేరుతుంది, అల్లినవారి పేరు దానితో వెళ్ళదు. "తీరిక వేళల పని" అన్న మాట మొదటివారికి వర్తించినట్లుగా రెండవవారికి వర్తించదు.

కాలక్రమం

- 1836: బౌడెన్, బీర్ మిషనరీల రాక.
- 1844 ప్రాంతం: నరసాపురం ప్రాంతంలో లేసు అల్లిక ప్రారంభమైనట్లు ప్రసిద్ధి.
- 1852: ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి.
- 1929: ఆర్థిక మాంద్యం, లేసు ఎగుమతులకు దెబ్బ.
- 1970 దశకం: ఎగుమతుల విస్తరణ.
- 1982: మరియా మీస్ పుస్తక ప్రచురణ.
- 2000 దశకం: సీతారాంపురంలో లేసు పార్కు.
- 2024: భౌగోళిక సూచిక నమోదు.